రేపటి నీటి కబురు రేవుకు చేరేదెప్పుడు?

శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తిన రోజు రెండు రాష్ట్రాలకూ తెలుస్తుంది. టీవీ కెమెరాలు వస్తాయి, కృష్ణమ్మకు పసుపు కుంకుమ, సారె సమర్పిస్తారు, ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. గేట్లు దించిన రోజును పట్టించుకునేది మాత్రం డ్యామ్ కింద లింగాలగట్టులో ఉండే మత్స్యకారులే. వాళ్లకు పని మొదలయ్యేది అప్పుడే. వరదలో కొట్టుకొచ్చిన చేప బండరాళ్ల మధ్య మడుగుల్లో చిక్కుబడి ఉంటుంది. ఎదురీదుతూ వచ్చిన చేప ఇక ముందుకు దారి లేక డ్యామ్ కింద గుమిగూడుతుంది. పుట్టి నీళ్లలో వేసి, వల అందుకుని దిగిపోతారు. జూరాల కింద కూడా ఇదే తంతు. గేట్లు మూసిన మర్నాడు అక్కడ దొరికే బొచ్చెలూ వాలుగలూ కొనడానికి గద్వాల, వనపర్తి వైపుల నుంచి జనం బండ్లేసుకుని వస్తారు.

ఆ మడుగుల్లోకి నీళ్లు తిరిగి రావడానికి మళ్లీ వరద రానక్కర్లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కరెంటు వాడకం పెరిగితే చాలు. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6, కుడిగట్టున 110 మెగావాట్లవి 7 ఉన్నాయి. ఎడమగట్టున ఒక్క యూనిట్ పూర్తిస్థాయిలో తిరిగితే సుమారు 7 వేల క్యూసెక్కులు నదిలోకి వస్తాయి. అంటే సెకనుకు దాదాపు 2 లక్షల లీటర్లు. జలవిద్యుత్ గొప్పతనమే అది: థర్మల్ కేంద్రాన్ని వేడెక్కించడానికి గంటలు పడుతుంది, టర్బైన్‌ను నిమిషాల్లో తిప్పవచ్చు. గ్రిడ్ ఇంజనీరుకు వరమైన ఆ నిమిషాలే, బండరాయి మీద నిలబడి విసురువల దులుపుకుంటున్న మనిషికి ప్రాణసంకటం.

వరద గురించి మన దగ్గర వ్యవస్థ ఉంది. లోపాలున్నా ఉంది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది, భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. గోదావరి ఒడ్డున చదువురాని ముసలమ్మ కూడా ఈ అంకెలు చెబుతుంది. కానీ ఏడాదిలో వరద ఉండే రోజులు ఎన్ని? మిగిలిన కాలమంతా కృష్ణలో నీటిమట్టాన్ని నిర్ణయించేది వాన కాదు, విద్యుత్ గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్. ఆ రోజువారీ నీటికి హెచ్చరికా లేదు, షెడ్యూలూ లేదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే షెడ్యూలు ఉంది, నది మీద బతికేవాళ్లకు అది చేరడం లేదు.

మన దేశంలో విద్యుత్తును ఒకరోజు ముందే లెక్కగడతారు. రేపటి 24 గంటలను 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఏ కేంద్రం ఎంత ఉత్పత్తి చేయాలో ఇవాళే నిర్ణయిస్తారు. రేపు సాయంత్రం ఆరుంబావుకు నాగార్జునసాగర్‌లో ఎన్ని మెగావాట్లు కావాలో ఇవాళ రాత్రికే ఒక కంప్యూటర్ తెర మీద ఉంటుంది. మెగావాట్ల నుంచి క్యూసెక్కులకు మార్చడానికి ఇంజనీరింగ్ డిగ్రీ కూడా అవసరం లేదు, రిజర్వాయర్ మట్టం తెలిస్తే ఒక పట్టిక చాలు. అంటే కొత్తగా కనిపెట్టాల్సిన సమాచారం ఏదీ లేదు. ఉన్నది ఒక గది దాటి రావాలి.

సముద్రం సంగతి చూడండి. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, 1999లో ఏర్పడింది. ఉప్పాడలోనో భీమిలిలోనో పడవ దించే జాలరికి కెరటాల ఎత్తెంతో, గాలి ఎటు వీస్తుందో, చేపలు ఏ దిక్కున దొరికే అవకాశం ఉందో కూడా తెలుగులో చెబుతోంది. ఉపగ్రహాలు సముద్రపు ఉపరితల వేడినీ రంగునూ కొలిస్తే, ఆ లెక్కల నుంచి తయారయ్యేదే ఈ చేపల సమాచారం. ఎవరి అదుపులోనూ లేని సముద్రం గురించి ఇంత చెప్పగలుగుతున్నాం. మనిషి చేత్తో మీట నొక్కితే పారి, మీట నొక్కితే ఆగే నది గురించి చెప్పలేకపోతున్నాం. శాస్త్రం చాలక కాదు, నదిలో వేటాడేవాడు ప్రభుత్వానికి కనిపించక. తెలంగాణలో చెరువులకూ రిజర్వాయర్లకూ ఏటా ఉచితంగా చేప పిల్లలు ఇస్తున్నారు, మంచిదే. ఆ చేప పెరిగి పెద్దదయ్యాక దాన్ని పట్టడానికి దిగే మనిషికి రేపటి నీటి సంగతి చెప్పడం అంతకన్నా ఖర్చయ్యే పనేమీ కాదు.

చెప్పకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే గుర్తు చేయనక్కర్లేదు. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లో మండి జిల్లా తలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్లతో ఉన్న టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ రోజు అక్కడ వరద లేదు. ఎగువన లార్జి జలవిద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి తగ్గించమని పైనుంచి ఆదేశం వచ్చింది, టర్బైన్లకు వెళ్లాల్సిన నీరు గేట్ల నుంచి బయటికొచ్చింది. గ్రిడ్‌లో ఒక సర్దుబాటు, అంతే. తర్వాత హైకోర్టు దీన్ని నిర్లక్ష్యంగానే పరిగణించి పరిహారం ఇప్పించింది. ఆ పిల్లలు నదికి కొత్త, నీళ్లతో ఆడుకోవడానికి దిగారు అని సర్దిచెప్పుకున్నాం. నదికి పాతవాళ్లయినా అదే నీళ్లలోకి దిగుతున్నారు, అదీ రోజూ.

మన నది మీదే చూడాలంటే 2021 జూన్, జులై నెలలు చాలు. శ్రీశైలం, సాగర్, పులిచింతలల్లో పూర్తి సామర్థ్యంతో కరెంటు తీయాలని తెలంగాణ ఉత్తర్వు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది, డ్యామ్‌ల దగ్గర పోలీసులు మోహరించారు, గొడవ కృష్ణా బోర్డు దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పులిచింతల నుంచి దిగిన నీటిని ఆపే చోటులేక ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తి సముద్రంలోకి వదిలారు. ఎవరి వాటా ఎంత, ఎన్ని టీఎంసీలు వృథా అన్న చర్చ పత్రికల నిండా నడిచింది. పులిచింతలకూ విజయవాడకూ మధ్య 80 కిలోమీటర్లకు పైగా ఉన్న పాయలో వలలు కట్టుకున్నవాళ్ల నీటిమట్టం ఒక ఉత్తర్వుతో మారిపోయిందన్న మాట ఆ చర్చలో ఎక్కడా వినపడలేదు. వాళ్లు వాటా అడగడం లేదు కదా.

ఇక్కడ వేట ఎలా సాగుతుందో కొంత వివరంగా చెప్పుకోవాలి, లేకపోతే సమస్య ఎంత సూటిగా తగులుతుందో అర్థం కాదు. టంగుసు వలను పొద్దువాలే వేళ కట్టి, తెల్లవారుజామున తీస్తారు. రాత్రి చేపకు వల కనపడదు, అది తీరం వైపు మేతకొస్తుంది. కరెంటు వాడకం పతాకస్థాయికి చేరేదీ సాయంత్రమూ పొద్దున్నే. అంటే వల కట్టే వేళా తీసే వేళా టర్బైన్లు తిరిగే వేళలే. నడిరాత్రి రెండు మూడు అడుగులు నీరు పెరిగిందంటే తాటాకు, గుర్రపుడెక్క, చెత్తా చెదారం వలకు చుట్టుకుని మొత్తం లాక్కుపోతుంది. పోయిన వలకు పరిహారం ఉండదు, ఎందుకంటే కాగితాల ప్రకారం ఆ రోజు వరద లేదు. ప్రాణం పోతే మత్స్యకారుల ప్రమాద బీమా కింద 5 లక్షలు వస్తాయి. వల పోతే అప్పు మిగులుతుంది.

అనుభవమున్నవాళ్లు నీటిని చదువుతారు. దిగగానే నీటి అంచున పుల్ల గుచ్చుతారు, పావుగంటకోసారి దానివైపు చూస్తారు. నురగ కనపడినా, ఒడ్డున ఎండి ఉన్న ఆకూ అలమూ తేలుతూ వచ్చినా, నీటి రంగు మారినా వల వదిలేసి ఒడ్డుకు తిరుగుతారు. నీరు ఎక్కడ వదిలితే ఎంతసేపటికి తమ రేవుకొస్తుందో వాళ్లకు ఒక అంచనా ఉంటుంది. ఆ అంచనా అసలు రహస్యం. డ్యామ్ కిందే ఉంటే నిమిషాలు, ఇరవై కిలోమీటర్ల దిగువన గంటలు, ఇంకా కిందికి పోతే పూటలు. అదీ స్థిరం కాదు. ఖాళీ నదిలో మొదట వచ్చే నీరు మడుగులు నింపుకుంటూ, ఇసుకలో ఇంకుతూ నింపాదిగా వస్తుంది. నిన్నటి నీరు ఇంకా పారుతుండగా వదిలిన నీరు చాలా ముందే వచ్చి పడుతుంది. నిన్న మధ్యాహ్నానికి వచ్చింది కాబట్టి ఇవాళా మధ్యాహ్నానికే వస్తుందని లెక్కవేసుకున్నవాడు దెబ్బతినేది ఇక్కడే. ఎన్ని గంటలకు వదిలారు అన్న ఒక్క మాట తెలిస్తే మిగతా లెక్క వాళ్లే కట్టుకోగలరు. ఆ ఒక్క మాటే తెలియదు.

సాగర్ దిగువన లెక్క ఇంకా చిక్కు. అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలోని 8 యూనిట్లలో 7 వెనక్కి కూడా తిరుగుతాయి. కిందికి వదిలిన నీటిని సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్‌లో ఆపి, కరెంటు చవకగా ఉన్న వేళ తిరిగి పైకి తోడే ఏర్పాటు. కాబట్టి ఆ ఇరవై కిలోమీటర్ల ముక్కలో నీరు పెరగడమే కాదు, చెప్పాపెట్టకుండా తగ్గుతుంది కూడా. తగ్గే నీరు మనిషిని ముంచదు గానీ పడవను ముంచగలదు. పొట్టి తాడుతో గుంజకు బిగించి కట్టిన పడవ నీరు తీస్తే ఒక పక్కకు వేలాడి ఒరుగుతుంది, అదే నీరు పెరిగితే ముక్కు కిందికి గుంజుకుపోయి నీళ్లు తాగుతుంది. మట్టం మారే నదిలో తాడు పొడుగ్గా వదలాలి, రెండు చోట్ల కట్టాలి, పడవ ముక్కు ఎగువకు ఉండాలి. లంగరు వేస్తే ముక్కు నుంచే వేయాలి. వెనక నుంచో పక్క నుంచో వేస్తే, వడి పెరిగిన క్షణంలో నీరు అంచు మీదుగా లోపలికి దూకుతుంది. అప్పుడు లంగరు లాగాలని చూడటం ఆత్మహత్యే, మోకు కోసేయాలి. అందుకే చేతికందే చోట కత్తి ఉండాలి.

పుట్టికి ఈ నియమాల్లో సగం వర్తించవు, ఎందుకంటే దానికి ముక్కూ లేదు తోకా లేదు. వెదురు అల్లి, పైన పట్టా కప్పి తారు పూసిన బుట్ట అది, ఇప్పుడు ఫైబర్‌వీ వస్తున్నాయి. నిలకడ నీటిలో దాన్ని మించింది లేదు: తేలిక, చవక, ఒక మనిషి నెత్తిన పెట్టుకుని పోవచ్చు, జానెడు లోతులోనూ తేలుతుంది. కానీ వడిగా పారే నీటిలో అది బొంగరం. ఒంటి తెడ్డుతో దాన్ని ఎగువకు నడపడం ఎవరి తరమూ కాదు. పెరుగుతున్న నీటిలో పుట్టివాడికి ఉన్న దారి ఒక్కటే: ఎదురు తిరగకుండా, పారే నీటితోపాటు జారుతూ ఏటవాలుగా ఒడ్డు పట్టడం. దానికి దిగువన కనీసం అర కిలోమీటరు రాళ్లు లేని నీరు కావాలి. బండరాళ్ల మధ్య దిగినవాడికి ఆ అర కిలోమీటరు ఎక్కడుంటుంది? అందుకే నీరు మొదలైన తర్వాత చూపే నేర్పు కన్నా, నీరు వచ్చే వేళ ముందే తెలిసి దిగకపోవడం మీద ప్రాణం ఎక్కువ ఆధారపడి ఉంది. లైఫ్‌జాకెట్లు పంచడం మంచిదే, ఫొటోలూ బాగా వస్తాయి. కానీ ఎనిమిది గంటల పాటు వల లాగే మనిషి మండుటెండలో జాకెట్ వేసుకుని కూర్చోడన్నది పంచేవాళ్లకూ తెలుసు.

కట్టు తెగిన పడవ ఒక్కరి నష్టంతో ఆగదని 2024 సెప్టెంబరు చూపింది. కృష్ణకు 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ ఇనుప పడవలు ప్రకాశం బ్యారేజీని ఢీకొట్టాయి. 67, 69, 70 గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఇంకా వరద పారుతుండగానే వాటిని మార్చాల్సి వచ్చింది. నీటిలో మునిగి ఇరుక్కున్న ఆ పడవలను బయటికి తీయడానికి ఎంత తంటాలు పడ్డారో అందరం చూశాం. అవి మత్స్యకారులవి కావు, ఇసుక పడవలు. కుట్రా కాదా అన్న వాదన కొన్ని రోజులు మారుమోగింది. నీరు ఏ స్థాయికి పెరగబోతోందో తెలిశాక నదిలోని పడవలు ఎక్కడ ఎలా కట్టి ఉండాలి, ఎవరు చూడాలి అన్న మామూలు ప్రశ్న మాత్రం ఆ వాదనలో కొట్టుకుపోయింది.

చట్టం ఏమంటోంది? 2021లో వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం, గరిష్ఠంగా ఎంత నీరు రావచ్చో ఎంత వదలవచ్చో ప్రజలకు తెలియజేయాలనీ, వరద హెచ్చరిక వ్యవస్థ పెట్టాలనీ డ్యామ్ యజమానిని ఆదేశిస్తోంది. దాని చూపంతా వరద మీదా, డ్యామ్ తెగితే ఏమవుతుందన్న దాని మీదా ఉంది. పులిచింతల 16వ గేటు 2021లో, తుంగభద్ర 19వ గేటు 2024లో కొట్టుకుపోయిన దేశంలో అది అవసరమే. రోజూ సాయంత్రం వదిలే పది, ఇరవై వేల క్యూసెక్కులు మాత్రం ఆ చూపుకు ఆనవు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగి 50 మందికి పైగా పోయాక, బోట్ల మీద అజమాయిషీకి నది వెంట కంట్రోల్ రూములు పెట్టారు. వాటి ధ్యాస టికెట్ కొని ఎక్కే ప్రయాణికుడి మీద. పొట్టకూటికి తెడ్డు వేసేవాడు ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కడు.

అమెరికాలో ఇదెలా జరుగుతుందో చూస్తే మనకు అందని ఆకాశమేమీ కాదని తెలుస్తుంది. ఆర్కన్సాలో వైట్ నది మీద బుల్ షోల్స్ డ్యామ్‌ను 1952లో అధ్యక్షుడు ట్రూమన్ ప్రారంభించారు. డ్యామ్ అడుగు నుంచి వచ్చే చల్లటి నీటికి అక్కడి పాత చేపలు తట్టుకోలేకపోతే, ట్రౌట్ తెచ్చి వదిలారు. ఇప్పుడు ఆ ట్రౌట్ వేట చుట్టూ ఊళ్లే బతుకుతున్నాయి. 8 యూనిట్లున్న ఆ డ్యామ్ నుంచి రేపు ఏ గంటకు ఎంత ఉత్పత్తి ఉంటుందో విద్యుత్ సంస్థ ముందురోజే ప్రకటిస్తుంది. టెన్నెసీ వ్యాలీ అథారిటీ తన డ్యామ్‌ల విడుదల వేళలను ఫోన్ యాప్‌లో పెడుతుంది. బెంటన్‌విల్ వాల్‌మార్ట్‌లో ఉద్యోగం చేసే మన పిల్లలు శనివారం ట్రౌట్ వేటకు వెళ్తే శుక్రవారం రాత్రే ఆ వేళలు చూసుకుని, ఎప్పుడు దిగాలో ఎప్పుడు ఒడ్డు చేరాలో నిర్ణయించుకోవచ్చు. షెడ్యూలు ఎప్పుడైనా మారవచ్చన్న హెచ్చరిక కూడా పక్కనే ఉంటుంది. అక్కడ అది సరదా వేట. ఇక్కడ అది కూడు. ముందస్తు కబురు సరదా వేటగాళ్లకు దక్కి, కూటికోసం దిగేవాళ్లకు దక్కకపోవడం ఎలా సమర్థించుకుంటాం?

అధికారుల అభ్యంతరాలు ఊహించగలం. మొదటిది: గ్రిడ్ అవసరాలు క్షణక్షణం మారతాయి, నిన్న చెప్పింది ఇవాళ నిలవదు. నిజమే. పది రోజుల్లో రెండు రోజులు తప్పే కబురు ప్రమాదకరం కూడా, జనం దాన్ని నమ్మి దిగుతారు. అందుకే కబురుకు తోడుగా ఒక నియమం ఉండాలి: ప్రకటించని వేళలో యూనిట్ మొదలుపెట్టాల్సి వస్తే ముందు ఒక్కటే తిప్పాలి, సైరన్ మోగించాలి, దిగువవాళ్లు ఒడ్డుకు చేరేంత విరామం ఇచ్చి రెండోది తిప్పాలి. గ్రిడ్ కుప్పకూలే అత్యవసరాల్లో ఈ విరామం కుదరకపోవచ్చు. అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని వస్తాయో ఇంజనీర్లే నిజాయితీగా చెప్పాలి. రెండో అభ్యంతరం: డ్యామ్‌కు అంత దగ్గర వేట నిషేధం, నిషేధించిన చోట దిగినవాడికి షెడ్యూలు ఇవ్వడమేమిటి? డ్యామ్ కాళ్ల దగ్గర నిషేధాన్ని గట్టిగానే అమలు చేయండి. కానీ నీరు నిషేధిత ప్రాంతం సరిహద్దు దగ్గర ఆగదు. అచ్చంపేట దగ్గరో అమరావతి దగ్గరో వల వేసేవాడు ఏ నిషేధాన్నీ దాటలేదు.

పైకి చెప్పని మూడో అభ్యంతరమే అసలుది. వేళ ప్రకటిస్తే, ప్రకటన తప్పిన రోజు జరిగిన ప్రమాదానికి బాధ్యత మెడకు చుట్టుకుంటుంది. ఏమీ చెప్పకపోతే తప్పు నదిలో దిగినవాడిదే అవుతుంది. బియాస్ కేసు తర్వాత ఈ లెక్క చెల్లదు. చెప్పకపోవడమూ నిర్లక్ష్యమేనని కోర్టు తేల్చింది. శ్రీశైలంలో రెండు గట్లూ రెండు రాష్ట్రాల చేతుల్లో ఉండటం, పులిచింతల డ్యామ్ ఒకరిదీ విద్యుత్ కేంద్రం మరొకరిదీ కావడం చిక్కే. అయితే ఇది వాటాల తగువు కాదు. ఎవరు ఎంత వదిలినా ఎప్పుడు వదులుతారో చెప్పడానికి ఒప్పందాలు అక్కర్లేదు. కృష్ణా బోర్డుకు చేతనైన పనుల్లో ఇదొకటి. వాటాలు తేల్చడం కన్నా ఖచ్చితంగా సులువు.

ఆలస్యం చేసే కొద్దీ సమస్య పెరుగుతుంది. పగలు సౌర విద్యుత్ పుష్కలంగా వస్తోంది కాబట్టి జలవిద్యుత్‌ను పొద్దుగూకాక వాడుకోవడమే లాభం. వెనక్కి తోడే కేంద్రాలు సీలేరు మీద కూడా రాబోతున్నాయి. సీలేరు నీరు శబరిలో కలిసి గోదావరిలోకి వస్తుంది, రబీలో డెల్టా పంట చాలావరకు దాని మీదే నడుస్తుంది. రేపటి నదులు పగలు తగ్గి, చీకటి పడే వేళ ఒక్కసారిగా పెరిగే నదులు. వల కట్టే వేళకు సరిగ్గా.

మొదలుపెట్టడానికి పులిచింతల నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా ఉన్న పాయ చాలు. మత్స్యకార సహకార సంఘాల సభ్యుల జాబితాలు మత్స్యశాఖ దగ్గరున్నాయి. సాయంత్రం నాలుగింటికల్లా, అంటే వల కట్టడానికి బయల్దేరే ముందే, ఆ ఫోన్లకు తెలుగులో గొంతుతో వినిపించే కబురు పోవాలి. క్యూసెక్కులు వద్దు, మెగావాట్లు అసలే వద్దు. ఇవాళ ఏడింటికి వదులుతారు, మీ రేవుకు సుమారు ఇన్నింటికి వస్తుంది, మెట్ల రేవు దగ్గర ఎర్రగీత దాకా పెరుగుతుంది, అంతే. ఆ ఎర్రగీత ఎక్కడ గీయాలో కొలిచి చెప్పడానికి ఇంజనీర్లకు ఒక వేసవి పడుతుంది. రేవులో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని గీస్తే అంత కూడా పట్టదు.